శిలలను చదివిన వైద్యుడు: డాక్టరు హెన్రీ వెస్లీ వాయిసీ

శంషాబాదు నుండి హైదరాబాదు నగరమునకు పోవు బాటసారికి మొట్టమొదట కన్నులబడునవి రాళ్ళు. ఒకదానిపై నొకటి పేర్చినట్లున్న గుండ్లును, ఏనుగు వీపువలె నేలనుండి పైకి లేచిన పరుపుబండలును త్రోవకు ఇరుప్రక్కల కానవచ్చును. వానిపై మేకలు మేయును. బాలురు జారుడాట లాడుదురు. రాతిపనివారు ఉలియు సుత్తెయు గొని వానిని చీల్చి కడీలుగను మెట్లుగను మలతురు. విమానాశ్రయమునకు నేల చదును చేయునపుడును ఇట్టి రాళ్ళతోడనే పెనుగులాడవలసి వచ్చెను. మనలో ననేకులు ఈ రాళ్ళను వట్టి అడ్డంకులుగానే తలంతురు. వానియందు ఏ యే ఖనిజములున్నవి, అవి యెట్లు పుట్టెను, వానికిని మన పొలములోని మట్టికిని మన బావిలోని నీటికిని సంబంధమేమి అని విచారించువారు మిక్కిలి అరుదు.

రెండువందల సంవత్సరముల క్రిందట ఈ ప్రశ్నలనే తన జీవితకార్యముగా గొని, హైదరాబాదు ప్రాంతపు శిలలను శాస్త్రరీతిగా పరిశీలించి వ్రాతలో పెట్టిన పురుషుడు డాక్టరు హెన్రీ వెస్లీ వాయిసీ. ఈయనను భారతదేశపు భూగర్భశాస్త్రమునకు తండ్రియని శాస్త్రజ్ఞులు కొందఱు పేర్కొందురు. ఎవరెస్టు పేరు పర్వతము మూలమున పసిబాలురకు సయితము తెలియును. ఆ ఎవరెస్టుతో కూడ అడవులలో తిరిగి, అదే జ్వరమున పడిన యీ వైద్యుని పేరు మాత్రము మన తెలుగు విద్యార్థుల చెవిని పడుట లేదు. అందుచేత ఈ సంచికలో ఆయన జీవితమును సంగ్రహముగా తెలుపుటకు మేము పూనుకొంటిమి.

వాయిసీ ఇంగ్లండు దేశస్థుడు, వృత్తిచేత శస్త్రవైద్యుడు. ఆయన మన దేశమునకు వచ్చి పనిలో చేరిన సందర్భమును గ్రహింపవలెనన్న ఆనాటి గొప్ప భూమాపన కార్యమును గూర్చి రెండు మాటలు చెప్పవలసియున్నది. విలియము లాంబ్టను అను దొర 1802వ సంవత్సరమున మద్రాసు చెంత ఒక సరళరేఖను మిక్కిలి జాగ్రత్తగా కొలిచి, దాని నాధారము చేసికొని త్రికోణముల వరుసచే దక్షిణాపథమునంతయు కొలువ నారంభించెను. ఈ పని క్రమముగా ఉత్తరమునకు సాగి నిజాముగారి రాజ్యమును చేరెను. 1818వ సంవత్సరమున గవర్నరు జనరలు ప్రభుత్వము దీనిని తన యధీనమునకు దెచ్చుకొని మహా త్రికోణమాన సర్వే అని పేరిడెను. వృద్ధుడగుచున్న లాంబ్టనునకు సహాయకుడుగా జార్జి ఎవరెస్టును, ఆ పరివారమునకు వైద్యుడుగను భూగర్భశాస్త్రజ్ఞుడుగను వాయిసీని నియమించిరి. హైదరాబాదు వారికి కేంద్రస్థానమయ్యెను.

కాబట్టి వాయిసీకి రెండు కొలువులు. సర్వేలోని దొరలకును, ఖలాసీలకును, బోయీలకును, సిపాయిలకును జబ్బు చేసినపుడు మందిచ్చుట యొకటి. దండు సాగిన ప్రతి చోట కొండలను రాళ్ళను మట్టిని పరీక్షించి నివేదికలు వ్రాయుట రెండవది. మొదటి పనికి గురువులును గ్రంథములును గలవు. రెండవ దానికి ఈ దేశమున ముందు నడిచినవారు లేరనియే చెప్పవచ్చును. ఇంగ్లండు నేలలోని శిలలను రంగులతో చూపిన విలియము స్మిత్తు పటము 1815లోనే వెలువడెను. భారతదేశమునకు భూగర్భశాఖ 1851లో గాని యేర్పడలేదు. ఇట్టి కాలమున ఒంటరిగా ఒక వైద్యుడు సుత్తె చేతబట్టి హైదరాబాదు రాళ్ళ నడుమ నిలిచెను.

ఆయన ఎదుట నున్న రాయి మన శంషాబాదు గుట్టలలో నున్నదే. దీనిని గ్రానైటు అందురు. చదువరులు ఇంటి ముంగిట నున్న క్రొత్తగా పగిలిన రాతితునకను చేతబట్టి యెండలో అటునిటు త్రిప్పిచూచినచో, అది ఒక్క వస్తువు కాదనియు, కొన్ని ఖనిజముల కూడిక యనియు తేటపడును. అందు లేతగులాబి రంగుననో తెలుపుగనో ఉండి, త్రిప్పినపుడు చదునైన ముఖములు తళుక్కుమనునది ఫెల్‌స్పార్. గ్రానైటునందు దీని పాలే యెక్కువ. గాజువలె మసకగా మెఱయుచు, చదునైన ముఖములు లేక ఉబ్బెత్తుగా పగులునది పలుగురాయి. దీనినే క్వార్ట్జు అందురు. నల్లని సన్నని రేకులుగా నుండి సూదిమొనతో పొరపొరగా విడివడునది అభ్రకము. పిల్లలు దీనిని కాకిబంగారమని యేరుకొందురు. నలుపుతో కూడిన ఆకుపచ్చని కడ్డీలవలె నుండునది హార్న్‌బ్లెండు. అచ్చటచ్చట ఇసుకరేణువులంత నల్లని గింజలుండి అయస్కాంతమునకు అంటుకొనును. అది మాగ్నటైటు అను ఇనుపరాయి. రాతి పగుళ్ళ వెంబడి పచ్చిపెసర రంగున పూతవలె కానవచ్చునది ఎపిడోటు.

ఈ ఖనిజములను గుర్తించుటకు పెద్ద యంత్రములు వలదు. వాయిసీ కాలముననే మోస్ అను జర్మను పండితుడు ఖనిజముల కాఠిన్యమును పది మెట్లుగా విభజించెను. అభ్రకము గోటితో గీయబడును. సున్నపురాతి స్ఫటికమగు కాల్సైటు చాకుతో గీయబడును. దానిపై ఆమ్లము చుక్క వేసిన బుసబుస పొంగును. ఫెల్‌స్పార్ సామాన్యపు చాకునకు లొంగదు. పలుగురాయి ఫెల్‌స్పార్‌ను గూడ గీయును. గాజుపై తేటగా గీత పెట్టును. అన్నింటికంటె కఠినమైనది వజ్రము. సుత్తె, భూతద్దము, అయస్కాంతము, చాకు, ఒక బుడ్డి ఆమ్లము, ఇవియే ఆనాటి ఖనిజశాస్త్రజ్ఞుని ఆయుధములు. వీనికంటె ముఖ్యమైనవి ఓపికయు వ్రాతపుస్తకమును.

హైదరాబాదు గుండ్ల ఆకారము చూచువారికి వింత గొల్పును. రాక్షసులు ఆటకై పేర్చి పోయిరా యనునట్లు బండపై బండ నిలిచియుండును. వాయిసీ ఈ రాళ్ళు ఉల్లిగడ్డవలె పొరలుపొరలుగా విడివడుటను గమనించి, గాలి నీరు ఎండల వలన రాయి శిథిలమగు విధమును వర్ణించెను. ఆనాడు ఆయనకు తెలియనిది నేడు మనకు తెలిసినది ఈ శిలల వయస్సు. ఇవి ఇంచుమించు 250 కోట్ల సంవత్సరముల క్రిందట భూమి లోతున కరగిన రాతిముద్ద మెల్లమెల్లగా చల్లారుటచే గడ్డకట్టినవి. మెల్లగా చల్లారినందుననే కంటికి కనబడునంత పెద్ద రవ్వలు కట్టినవి. తరువాత పైనున్న భారమంతయు కోట్ల సంవత్సరములు కోసుకొనిపోగా ఇవి బయలుపడెను. ఉబుకుటచే నిలువుగను అడ్డముగను బీటలు వారెను. బీటలలో నీరు చొచ్చి మూలలను ముందు తినివేయుటచే పలకలు గుండ్లయ్యెను. ఫెల్‌స్పార్ సుద్దమట్టిగా మారెను. పలుగు మాత్రము చెక్కుచెదరక ఇసుకయై మిగిలెను. మనము బాటలకు పోయు మొరము అట్లు సగము చివికిన గ్రానైటే.

అమెరికా దేశమున కొలరాడో నది ఎడారిని కోసికొనిపోయి మైలు లోతున నొక మహాలోయను చేసినదని మన పిల్లలు భూగోళశాస్త్రమున చదువుదురు. ఆ లోయ యడుగున బయలుపడిన గ్రానైటునందును ఈ పలుగు, ఈ ఫెల్‌స్పార్, ఈ అభ్రకములే గలవు. వాని వయస్సు ఇంచుమించు 170 కోట్ల సంవత్సరములు. అట్టి మైలు లోతు లోయ లోపల చూడదగిన దానికంటె ప్రాచీనమైన శిల మన గుమ్మము చెంతనే ఎండలో పరచియున్నది. దానిని చూచుటకు సముద్రములు దాటనక్కరలేదు.

గ్రానైటును చీల్చుకొని పోవు నల్లరాతి గోడలను వాయిసీ మిక్కిలి శ్రద్ధతో పరీక్షించెను. ఇవి కొన్ని అడుగుల వెడల్పున, మైళ్ళకొలది పొడవున నల్లని కట్టలవలె సాగును. ఆనాడు ఐరోపా పండితులలో పెద్దవాదము నడచుచుండెను. శిలలన్నియు ఆదిసముద్రపు నీటినుండి పేరుకొన్నవని వెర్నరు శిష్యులు వాదించిరి. భూగర్భమునందలి వేడిమిచే కరగి పైకుబికినవి గొప్పభాగమని హట్టను పక్షమువారు చెప్పిరి. వాయిసీ గ్రంథములలోని వాదమును గాక కంటియెదుటి రాతిని సాక్షిగా గొనెను. నల్లరాయి గ్రానైటు బీటలలో దూరియున్నది గనుక అది గ్రానైటునకు తరువాత వచ్చినదనియు, క్రిందనుండి కరగిన స్థితిలో దూసికొని వచ్చినదనియు నిర్ణయించెను. దక్కనులో విశాలముగ వ్యాపించిన, మెట్లుమెట్లుగా నుండు నల్లరాతి పీఠభూములును అగ్నిసంభవములే యని ఆయన అభిప్రాయపడెను. తరువాతి శాస్త్రము ఆయన పక్షముననే తీర్పు చెప్పెను. శంషాబాదునకు పడమరగ చేవెళ్ళ దాటి వికారాబాదు వైపు పోయినచో గ్రానైటు మఱుగై ఈ నల్లరాతి నేల ఆరంభమగును. దాని బుడగల ఖాళీలలో అకీకు రాళ్ళు, తెల్లని జియోలైటు సూదులు, కాల్సైటు పలుకులు దొరకును. ఇంచుమించు 6 కోట్ల 60 లక్షల సంవత్సరముల క్రిందట ఉబికిన లావా అది.

పంటకాపులు అడుగు ప్రశ్న మఱియొకటి గలదు: నల్లరేగడి యెచ్చటనుండి వచ్చినది? ఈ నల్లరాయి చివికి రేగడియైనదని చెప్పిన తొలివారిలో వాయిసీ యొకడు. ప్రత్తి పండు నేలకును కొండపై నున్న రాతికిని గల చుట్టరికమును ఆయన ఎఱిగెను. గ్రానైటునుండి యెఱ్ఱచెలకయు, నల్లరాతినుండి రేగడియు పుట్టుట మన రంగారెడ్డి, వికారాబాదు జిల్లాల రైతులు తమ యరకల క్రింద నిత్యమును చూచుచున్న సంగతియే.

ఇంతవఱకు ఆయన విద్యను గూర్చి చెప్పితిమి. ఆ విద్యకు చెల్లించిన వెలను గూర్చి యిక చెప్పవలెను. 1819వ సంవత్సరపు వానకాలమున లాంబ్టను ఎవరెస్టును కృష్ణా గోదావరుల నడుమనున్న అడవులను కొలుచుటకు పంపెను. వాయిసీ ఆయనకు తోడుగా పోయెను. గాలిలోని దుమ్ము వానచే కడుగబడి దూరపు గుర్తులు తేటగా కనబడు నను కారణముచే సర్వేవారు వానకాలమునే కోరుదురు. అదే కాలము అడవిజ్వరమునకును కాలము. గోదావరి చేరువ యెల్లాపురపు టడవులలో నుండగా ఎవరెస్టును వాయిసీయు జ్వరమున పడిరి. కొలదిదినములలోనే నూటయేబది మందికి దగ్గఱగా నున్న ఆ పరివారమంతయు మంచము పట్టెను. మందిచ్చు వైద్యుడే రోగియైన యెడల నిక దిక్కెవ్వరు? హైదరాబాదునందలి రెసిడెంటు ఈ వార్త విని పల్లకీలను, బండ్లను, ఏనుగులను పంపి వారిని తెప్పించెను. అనేకులు మార్గముననే మరణించిరి. ఆ మృతులలో పెక్కుమంది పేర్లు ఏ గ్రంథమునను లేవు. జ్వరమును దోమ మోయునని లోకము తెలిసికొనుటకు ఇంకను డెబ్బదియెనిమిది యేండ్లు పట్టెను. 1897వ సంవత్సరమున రొనాల్డు రాస్ ఆ సత్యమును కనుగొనినది మన సికింద్రాబాదుననే యగుట విశేషము.

ఎవరెస్టు ఆరోగ్యము నిలువక 1820లో గాలిమార్పునకై ఆఫ్రికా దక్షిణాగ్రమున నున్న కేప్ దేశమునకు పోయెను. వాయిసీ మన ప్రాంతముననే పని సాగించెను. ఆయన నివేదికలలో మన తెలుగువారి చేతిపనులను గూర్చిన భాగములు ప్రత్యేకముగ చదువదగినవి.

నిర్మలకు దక్షిణముగ, నేటి నిజామాబాదు జిల్లాలో కోనసముద్రము అను గ్రామము గలదు. దమస్కు కత్తులకు ప్రసిద్ధమైన ఉక్కు ఇచ్చట తయారయ్యెడిది. వాయిసీ ఆ కొలుముల చెంత నిలిచి పనిని ఆద్యంతము గమనించి వ్రాసెను. మిట్టపల్లి ఇనుము మూడుపాళ్ళు, కొండాపురపు ఇనుము రెండుపాళ్ళు కలిపి మట్టిమూసలలో నుంచి, మూత బిగించి, బొగ్గుల కొలిమిలో ఒక రాత్రియు పగలును తిత్తులతో ఊది కరగింతురు. చల్లారిన పిమ్మట మూసను పగులగొట్టి ఉక్కుముద్దను తీయుదురు. అది మిక్కిలి పెళుసుగా నుండును గనుక మట్టి పూసి మరల మరల కాచి మెత్తబఱతురు. రాతిలోని మాగ్నటైటు రేణువు ఇనుమై, ఇనుము ఉక్కై, ఆ యుక్కు పారశీకదేశము చేరుచుండెను. ఇస్ఫహాను నగరపు వర్తకుడొకడు అచ్చటనే విడిసి సరకు తూచికొనుట వాయిసీ చూచెను. ఇంగ్లండులో మైకేలు ఫారడే వంటి గొప్పవాడు ఆ కాలముననే ఈ యుక్కు రహస్యమును శోధించుచుండగా, ఇచ్చట అక్షరము వ్రాయనేరని కమ్మరి దానిని నిత్యము చేయుచుండెను. వాయిసీ ఆ కమ్మరిని అలక్ష్యము చేయక అడిగి తెలిసికొనెను. తరువాత ఆ కొలుములు చల్లారిపోయినవి. ఆ పని యెట్లు జరిగెనో చెప్పు కొలది సాక్ష్యములలో ఆయన వ్రాత యొకటి.

వజ్రపు గనులను గూర్చియు ఆయన ఇట్లే చేసెను. గోలకొండ వజ్రములని లోకమున పేరుబడినవి గోలకొండ కోటలో పుట్టినవి కావు. కృష్ణాతీరపు కొల్లూరు పరిటాలల నుండియు, పెన్నా కృష్ణల నడుమనున్న ఇతర స్థలములనుండియు అవి గోలకొండ సంతకు వచ్చెడివి. వాయిసీ బనగానపల్లె మొదలగు చోట్లకు పోయి, పనివారు ఇసుకరాతిని త్రవ్వి, గుంటలలో దిగి, గులకరాళ్ళు అతుకుకొన్నట్లుండు ఒక పొరను బయటికి దెచ్చి, దానిని నలుగగొట్టి, నీట కడిగి, ఎండలో పరచి వజ్రమును వెదకు విధమును వర్ణించెను. ఆ పొరలో పలుగు, ఎఱ్ఱని జాస్పరు మొదలగు గులకలు గలవని వ్రాసెను. వదలిన రాళ్ళగుట్టలలోని చిన్న తునుకలు కాలక్రమమున పెరిగి పెద్ద వజ్రములగునని పనివారు ఆయనతో చెప్పిరి. ఆ నమ్మకమును ఆయన శాస్త్రసత్యముగా గైకొనలేదు, మూఢత్వమని దాచిపెట్టనూ లేదు. విన్నది విన్నట్లు వ్రాసెను.

ఈ విషయమున వాయిసీకి అందని సత్యము నొకదానిని చెప్పుట మా ధర్మము. వజ్రమునకు ఆ గులకరాతి పొరయే నెలవని ఆయన నిర్ణయించెను. యథార్థమునకు ఆ పొర వజ్రము వచ్చి చేరిన యిల్లే గాని పుట్టినయిల్లు కాదు. వజ్రము నూటయేబది కిలోమీటర్ల కంటె లోతున పుట్టి, కింబర్లైటు అను రాతితో కూడ గొట్టములవంటి మార్గముల పైకి వచ్చునని దక్షిణాఫ్రికా గనులు బయలుపడిన పిమ్మట తెలిసెను. మన అనంతపురము జిల్లా వజ్రకరూరున అట్టి గొట్టములు గలవు. అయినను ఏ రాతిపొరయందు వజ్రము దొరకునో, ఏ పొరయందు దొరకదో ఆయన వేరుచేసి చూపినందుననే తరువాతివారికి వెదకు దారి సులభమయ్యెను. పనస చెట్టెక్కినవాడు కోసిన పండు క్రింద నున్నవాడు తినినట్లు, ఒకని శ్రమ మఱియొకని జ్ఞానమగును.

1823వ సంవత్సరము జనవరి 20వ తేదీన వృద్ధుడైన లాంబ్టను ఉత్తరమునకు పోవుచు హింగనఘాటువద్ద మరణించెను. ఆ సంవత్సరము ఏప్రిలు నెలలో వాయిసీ బేరారుసీమలోని గవిల్‌గడ్ కొండలలో నల్లరాతి పొరల నడుమ రాయిగా మారిన నత్తగుల్లలను కనుగొనెను. అగ్నిచే కరగిన రాతి నడుమ నీటిపురుగు గుల్ల యెట్లు వచ్చెను? ఒక లావా ప్రవాహము చల్లారిన తరువాత దానిపై చెఱువులు నిలిచెననియు, అందు నత్తలు బ్రతికెననియు, మఱియొక ప్రవాహము వచ్చి వానిని కప్పివేసెననియు నేటి శాస్త్రము చెప్పును. గుప్పెడు గుల్లలు ఇంత చరిత్రను చెప్పగలిగెను. నాగపురమునందలి సీతాబల్ది గుట్టను గూర్చియు, ఆగ్రాలోని తాజమహలునందు పొదిగిన రంగురాళ్ళను గూర్చియు ఆయన వ్యాసములు గలవు. తాజమహలును చూచినవారు లక్షలమంది. అందలి పువ్వులలో ఏది జాస్పరు, ఏది అకీకు, ఏది రాజావర్తమని రాయి రాయికి పేరు పెట్టి చూచినవారు కొలదిమంది.

గోదావరి అడవుల జ్వరమున పడి లేచిన తరువాతను ఆయన ఎండకు వానకు వెఱవక తిరిగెను. 1824వ సంవత్సరము ఏప్రిలు నెలలో, కలకత్తాకు పోవు ప్రయాణములో, మండువేసవిలో, నడివయస్సు చేరకమునుపే మరణించెను. ఆయన వెంట నున్నవి రాళ్ళును వ్రాతపుస్తకములును. బ్రదికియుండగా ఆయన పేర పెద్ద గ్రంథమేదియు రాలేదు. వజ్రపు గనులను గూర్చిన వ్యాసము 1825లోను, గవిల్‌గడ్ గుల్లలను గూర్చినది 1829లోను, ఉక్కును గూర్చినది 1832లోను, హైదరాబాదు భూగర్భమును గూర్చిన నివేదికలు 1833లోను కలకత్తా ఆసియాటిక్ సొసైటీవారి సంపుటములలో వెలువడెను. అనగా ఆయన శాస్త్రజ్ఞానమున ఎక్కువ భాగము ఆయన మరణానంతరమే లోకమునకు చేరెను. చూచినదానిని వ్రాసిపెట్టు నలవాటు ఆయనకు లేకున్న యెడల ఆ జ్ఞానమంతయు ఆయనతోడనే మట్టిపాలై యుండెడిది.

ఆయన తరువాత మఱి యిరువదియేడు సంవత్సరములకు భారతభూగర్భశాఖ యేర్పడెను. ఆ శాఖకు చెందిన విలియము కింగు కడప కర్నూలు శిలలను గూర్చిన గొప్ప గ్రంథమును 1872లో ప్రకటించెను. సింగరేణి బొగ్గునకు మూలపురుషుడును ఆయనయే. అట్లు వాయిసీ ఒంటరిగా త్రొక్కిన కాలిదారి రాజమార్గమయ్యెను.

ఈ విద్య వలన బీదవానికేమి లాభమని పెద్దలు కొందఱు మమ్ము అడుగుట గలదు. అందులకు మేము చూపునది బావినీరు. గ్రానైటు గట్టిది, దానిలో నీరు నిలుచుట బీటలయందును చివికిన పొరయందును మాత్రమే. బీట యెచ్చట నున్నదో తెలియని బోరుబావి రైతునకు అప్పును మిగుల్చును. ఇదిగాక, గ్రానైటులోని కొన్ని ఖనిజములనుండి ఫ్లోరైడు అను పదార్థము నీటిలో కరగును. అట్టి నీటిని ఏండ్లతరబడి త్రాగిన పిల్లల పండ్లు మచ్చలుపడి, పెద్దల యెముకలు వంగిపోవును. 1937వ సంవత్సరమున నెల్లూరు జిల్లాలో ఈ వ్యాధిని వైద్యులు గుర్తించి ప్రకటించిరి. తరువాత నల్లగొండ సీమ దీనివలన పడిన బాధ మన మందఱము ఎఱుగుదుము. రోగి నాడిని పట్టిన చేతితోడనే రాతిని పట్టిన వాయిసీ వంటి వైద్యుడు ఇట్టి చోటులకు ఎంత యవసరమో చెప్పనక్కరలేదు. శరీరమునందలి రోగమునకు కారణము ఒక్కొక్కప్పుడు కాలిక్రింది రాతియందే యుండును.

నేడు మన ప్రాంతమున ఈ రాళ్ళు వేగముగా తగ్గుచున్నవి. 2008వ సంవత్సరము మార్చి నెలలో శంషాబాదు విమానాశ్రయము తెఱువబడినది మొదలు చుట్టుప్రక్కల బాటలును భవనములును పెరుగుచున్నవి. మందుగుండుతో ఒక్కనాడు పగులగొట్టబడిన గుట్ట మరల మొలవదు. హైదరాబాదు రాళ్ళను కాపాడుటకై 1996లో నగరవాసులు కొందఱు ఒక సంఘమును స్థాపించి పాటుపడుచున్నారు. ఇండ్లును బాటలును వలదని మేము చెప్పము. మా పాఠశాలల గోడలును ఈ రాతితోడనే కట్టబడినవి గదా. కాని చదువకుండ చింపివేసిన పుస్తకమువలె, చూడకుండ పగులగొట్టిన గుట్ట గూడ ఒక నష్టమే.

కాబట్టి విద్యార్థులారా, వాయిసీ జీవితమునుండి మీరు గ్రహింపవలసినది గట్టిపని యొకటి గలదు. ఈ సెలవులలో మీ యూరి గుట్టనుండియో, చెఱువు కట్టనుండియో, బావి త్రవ్విన మట్టిదిబ్బనుండియో పది రాతితునుకలను తెండు. ప్రతి తునుకకును అంకె వేసి, ఎచ్చట దొరకినదో, ఏ దినమున దొరకినదో, చాకునకు గీయబడినదా, అయస్కాంతమునకు అంటుకొన్నదా, ఆమ్లమునకు పొంగినదా అని ఒక పుస్తకమున వ్రాయుడు. ఆమ్లమును మాత్రము ఉపాధ్యాయుల యెదుటనే వాడవలెను. గనిలోను చేనిలోను పనిచేయువారిని మర్యాదతో అడుగుడు. వారి చేతులకు తెలిసినది మన పుస్తకములలో ఇంకను ఎక్కని సంగతి యుండవచ్చును. తల్లిదండ్రులు పిల్లలు తెచ్చిన రాళ్ళను చెత్తయని పాఱవేయక యింట నొక అరను వానికై విడువవలెనని మా మనవి. ఊరు లేనివానికి రాయి బరువని తోచవచ్చును. తన యూరిని ఎఱుగగోరువానికి రాయే మొదటి వాచకము. ఆ వాచకమున మన ప్రాంతపు తొలి పుటను విప్పి చదివినవాడు డాక్టరు వాయిసీ. తక్కిన పుటలు మీవి.